చెట్టు నీడలో ఆకుతో పాటు పండు కూడా: ఒక ప్రాజెక్టు డైరీ

ఫిబ్రవరి, మొదటి ఏడాది

ఇంటికి ఉత్తరం పక్కన పెద్ద మేపుల్ చెట్టు. దాని కింద సుమారు 12 చదరపు మీటర్ల నేల. అక్కడ గడ్డి బతకదు. వేసవి ముదిరేసరికి పలచబడుతుంది, చలి మొదలయ్యేసరికి నాచు తప్ప ఏమీ మిగలదు. ఇక గడ్డితో కుస్తీ పట్టే ఉద్దేశం లేదు. ఆకు రాలని గ్రౌండ్‌కవర్ (నేలను కప్పేస్తూ పెరిగే మొక్క) వేయాలి, అదీ పళ్ళు కాసేది కావాలి.

ఏడాదంతా పచ్చగా ఉండి నేలబారుగా పాకే మొక్కలకు కరువు లేదు. పళ్ళు కూడా కావాలి అనగానే లిస్టు సగానికి పైగా ఎగిరిపోతుంది. నీడలో ఆకు నిలబెట్టుకోవడానికి మొక్కకు కొద్దిపాటి వెలుతురు చాలు. మొగ్గ తొడిగి, పూత నిలిచి, కాయ పండాలంటే ఆకులు అంతకు మించి సంపాదించాలి. నర్సరీ లేబుల్ మీద 'నీడకు అనుకూలం' అని ఉంటే అది ఆకు గురించి చెప్పిన మాట, కాయ గురించి కాదు. అందుకే ఈ ప్రాజెక్టులో రెండు పనులున్నాయని ముందే రాసిపెట్టుకున్నాను: నేల కప్పించడం ఒకటి, కాయించడం ఇంకొకటి.

ముందు వెలుతురు లెక్క. మబ్బు లేని రోజు చూసుకుని, జాగా బొమ్మ కాగితం మీద గీసి, గంటగంటకీ ఎండ ఎక్కడ పడుతోందో గుర్తు పెట్టాను. రోజుకు 3 గంటల లోపు నేరుగా ఎండ పడితే పూర్తి నీడ, 3 నుంచి 6 గంటలైతే పాక్షిక నీడ అని తోటపని చేసేవాళ్ళ లెక్క. ఇప్పుడు చెట్టు బోసిగా ఉంది కాబట్టి ఈ బొమ్మ చూసి మురిసిపోకూడదు, జూన్‌లో మళ్ళీ గీయాలి. అలాగని ఈ వెలుతురు వృథా ఏమీ కాదు. ఆకు రాల్చే చెట్టు కింద ఉన్న సతతహరిత మొక్కకు ఆకు రాలిన దగ్గర్నుంచి వసంతం దాకా నెత్తి మీద కప్పు ఉండదు. చలి కాస్త తగ్గిన రోజుల్లో దాని ఆకులు పని చేసుకుంటాయి. పైన్ లాంటి చెట్టు కిందైతే ఈ బోనస్ దొరకదు.

తరవాత మట్టి. రంగుల కిట్‌తో, డిస్టిల్డ్ వాటర్ కలిపి, వేర్వేరు చోట్ల పరీక్ష చేశాను. చెట్టు మొదలు చుట్టూ పీహెచ్ (7 కంటే తగ్గితే ఆమ్ల నేల, పెరిగితే క్షార నేల) 5.8 దగ్గర ఉంది. ఇంటి గోడ పక్కన 7.4. తేడాకి కారణం గోడే. సిమెంటులోని సున్నం వాన నీటికి కొంచెం కొంచెంగా కరిగి పక్క మట్టిలోకి దిగుతూనే ఉంటుంది. గోడ పక్క మట్టి కొద్దిగా ఎండబెట్టి నాలుగు చుక్కలు వెనిగర్ వేస్తే సన్నగా చిటచిటమని నురగ వచ్చింది. సున్నం ఇంకా అందులో ఉందన్నమాట. అలాంటి చోట గంధకం చల్లి పీహెచ్ దించడం దండగ పని. గంధకాన్ని మట్టిలోని బ్యాక్టీరియా నెమ్మదిగా ఆమ్లంగా మారుస్తాయి. ఆ ఆమ్లాన్ని సున్నం తినేస్తుంది, గోడ మళ్ళీ కొత్త సున్నం వదులుతుంది. ఆ పట్టీకి వేరే మొక్క చూసుకోవడమే మేలు.

మార్చి

మొక్కల ఎంపిక. దీనికే ఎక్కువ సమయం పట్టింది, పట్టాలి కూడా.

ఐవీని మొదటే కొట్టేశాను. నేల మీద పాకినంత కాలం ఐవీ లేత దశలోనే ఉండిపోతుంది, పూయదు. చెట్టో గోడో ఎక్కి, ముదిరి, ఆకు ఆకారం మారాకే దానికి పూత, నల్ల కాయలు. అంటే గ్రౌండ్‌కవర్‌గా ఉన్నన్నాళ్ళూ పండు లేదు, పండు వచ్చిందంటే అది గ్రౌండ్‌కవర్ కాదు. పైగా చాలా చోట్ల అడవుల్లోకి పాకి తలనొప్పి అయింది.

బేర్‌బెర్రీకి ఎండ, ఇసుక నేల కావాలి. లింగన్‌బెర్రీ పాక్షిక నీడలో బతుకుతుంది కానీ కాపు తగ్గిపోతుంది. బంచ్‌బెర్రీ మీద మాత్రం మనసు లాగింది. దాని పువ్వు అర మిల్లీసెకను కంటే తక్కువ సమయంలో పేలినట్టు విచ్చుకుని పుప్పొడిని పైకి విసురుతుందని 2005లో హైస్పీడ్ కెమెరాతో చూపించారు. కానీ గడ్డకట్టే చలి ఉన్నచోట శీతాకాలానికి ఆకు పోతుంది, నా మొదటి షరతే తప్పుతుంది. తైవాన్ కొండల నుంచి వచ్చిన పాకే రాస్ప్‌బెర్రీ ముడతల ఆకులతో ముద్దుగా ఉంటుంది గానీ, నాకు కావాల్సిన మెల్లని మొక్కలను మింగేసే దూకుడు దానిది. విడిగా ఒక గట్టు ఉంటే దానికే ఇచ్చేవాణ్ణి.

వేసవి వేడి, తేమ ఎక్కువగా ఉండే చోట ఇదే పని చేయాలంటే నా జాబితా పనికిరాదు. అక్కడ మాండో గ్రాస్ నయం. నీడలో దట్టంగా పెరుగుతుంది, ఆకుల మధ్య నీలం గుండ్లు కాస్తుంది. చూడటానికి పండులా ఉన్నా నిజానికి అది విత్తనమే. కాయ తొక్క మొదట్లోనే చిరిగిపోయి, విత్తనం బయటపడి పెరుగుతుంది. ఎర్ర పళ్ళు కావాలంటే జపాన్ ఆర్డిసియా ఉంది. దాని దగ్గర చుట్టమైన ఆర్డిసియా క్రెనాటా జోలికి మాత్రం విచారించకుండా వెళ్ళకూడదు. అమెరికాలోని ఫ్లోరిడాలో అది అడవుల్లోకి చొరబడి పెద్ద సమస్య అయి కూర్చుంది.

చివరికి మిగిలినవి మూడు.

ఒకటి, వింటర్‌గ్రీన్. శాస్త్రీయ నామం గాల్తీరియా ప్రోకంబెన్స్. ఉత్తర అమెరికా తూర్పు భాగపు అడవుల మొక్క. ఎత్తు 10 నుంచి 15 సెంటీమీటర్లు. ఆకు దళసరిగా, మెరుస్తూ ఉంటుంది. వేసవిలో తెల్లటి చిన్న కుండల్లాంటి పూలు తలవంచుకుని వేలాడతాయి, శరత్తులో ఎర్రటి పళ్ళు వస్తాయి. ఆ పళ్ళు చలికాలమంతా అలాగే నిలబడటం దీని గొప్ప. 1749లో స్వీడన్ నుంచి వచ్చిన వృక్షశాస్త్రజ్ఞుడు పేర్ కామ్, క్యుబెక్‌లో తనకు తోడు తిరిగిన వైద్యుడు గోల్తియే పేరును దీనికి పెట్టాడు.

రెండోది పార్ట్రిడ్జ్‌బెర్రీ, మిచెల్లా రెపెన్స్. అదీ ఆ అడవులదే. వింటర్‌గ్రీన్ కనీసం చీలమండ దాకా లేస్తుంది, ఇది నేలకు అతుక్కుని పాకుతుంది. బొటనవేలి గోరంత గుండ్రటి ఆకులు, మధ్య ఈనె తెల్లగా ఉంటుంది. దీని పేరులోని మిచెల్ కూడా వైద్యుడే, కానీ చరిత్రలో మిగిలింది ఆయన 1755లో గీసిన ఉత్తర అమెరికా పటం వల్ల. 1783 పారిస్ ఒప్పందంలో అమెరికా సరిహద్దులు మాట్లాడుకునేటప్పుడు ఆ పటాన్నే ముందు పెట్టుకున్నారు.

మూడోది గోడ పక్కకి: సార్కోకోకా, అందులో పొట్టి రకం హ్యూమిలిస్. సున్నం నేలను పట్టించుకోదు, పొడి నీడను ఓర్చుకుంటుంది, చలికాలం చివర కనపడీ కనపడని పూలతో ఘుమఘుమలాడిస్తుంది, నల్లటి మెరిసే కాయలు కాస్తుంది. నేలబారు మొక్క అనలేం, మోకాలి దాకా రావచ్చు. కానీ వేళ్ళ నుంచి పిలకలు వేస్తూ నెమ్మదిగా పట్టీని నింపుతుంది. గోడ పక్కన ఆ ఎత్తు బాగానే ఉంటుంది.

ఇంట్లో చిన్న పిల్లలున్నవాళ్ళు అడిగే ప్రశ్న ఒకటుంది కాబట్టి ఇక్కడే రాసేస్తాను. వింటర్‌గ్రీన్ పండు తినదగిందే, ఒకటి రెండు రుచి చూడొచ్చు. పార్ట్రిడ్జ్‌బెర్రీ కూడా ప్రమాదం లేనిదే, రుచి మాత్రం చప్పిడి. వింటర్‌గ్రీన్ ఆకు నలిపితే నొప్పుల బామ్ వాసన గుప్పుమంటుంది. ఆ వాసన మిథైల్ శాలిసిలేట్‌ది, ఆస్పిరిన్‌కి దగ్గర బంధువు. ఆకు ఒకటీ అరా నోట్లో పడితే ఏమీ కాదు గానీ తీసిన నూనె సంగతి వేరు. 5 మిల్లీలీటర్ల నూనె దాదాపు 7 గ్రాముల ఆస్పిరిన్‌తో సమానం, పిల్లల ప్రాణానికే ముప్పు. ఆస్పిరిన్ పడనివాళ్ళు ఆకు కషాయాల జోలికి కూడా పోకూడదు. ఇక నీడ తోటల్లోనే పెరిగే లిల్లీ ఆఫ్ ద వ్యాలీకి కూడా ఎర్ర పళ్ళే కాస్తాయి, అవి విషం. దాన్ని వీటి పక్కన పెట్టొద్దు.

ఏప్రిల్

నేల తయారీ అనాలో, నేలను వదిలేయడం అనాలో. చెట్టు నీరు, పోషకాలు పీల్చుకునే సన్నటి వేళ్ళలో చాలా భాగం పైన 30 నుంచి 45 సెంటీమీటర్ల లోపలే ఉంటాయి. మేపుల్‌కైతే ఇంకా పైకి తేలి కనిపిస్తాయి. కాబట్టి దున్నడం, మొత్తం తిరగదోయడం కుదరదు. చేతి తవ్వుగోలతో ఎక్కడికక్కడ గుంట తీయడమే. బొటనవేలి లావు వేరు తగిలితే గుంటనే పక్కకు జరిపాను. వేలెడు జరిగినందుకు గ్రౌండ్‌కవర్‌కి పోయేదేమీ లేదు, వేరు తెగితే చెట్టుకు పోతుంది.

'మంచి మట్టి ఒక అడుగు పోసేసి అందులో నాటెయ్' అని సలహా వచ్చింది. ఆ పని చేయకూడదు. వేళ్ళ మీద మందంగా మట్టి పడితే గాలి అందక చెట్టు నాలుగైదేళ్ళలో చిక్కిపోతుంది. 5 సెంటీమీటర్లు మించకుండా చివికిన ఆకు ఎరువు, సన్నటి పైన్ బెరడు కలిపి పరిచాను. మొదలుకి తగలకుండా చుట్టూ ఖాళీ వదిలాను. పీట్, అంటే చిత్తడి నేలల్లో పేరుకునే నాచు మట్టి, వాడలేదు. ఆమ్ల నేలకి అదే కావాలని అందరూ అంటారు కానీ, పీట్ నేలలు ఏడాదికి సుమారు 1 మిల్లీమీటరు మందం పేరుకోవడమే గొప్ప, తవ్వినంత వేగంగా మళ్ళీ రాదు. బెరడు, ఆకు ఎరువు ఆ పని బాగానే చేస్తాయి.

పైన్ సూదులు పరిస్తే మట్టి ఆమ్లంగా మారిపోతుందన్న మాట నమ్మి గోనెల కొద్దీ మోసుకురావాల్సిన అవసరమూ లేదు. పచ్చి సూదులు ఆమ్లమే, కుళ్ళేటప్పటికి ఆ గుణం చాలావరకు పోతుంది. మల్చ్‌గా, అంటే నేల మీద పరిచే కప్పుగా, మాత్రం బాగుంటాయి: నీరు దిగనిస్తాయి, గాలికి ఎగిరిపోవు.

ఎరువు ఏమీ వేయలేదు. వింటర్‌గ్రీన్ ఏ కుటుంబానిదో చూస్తే కారణం తెలుస్తుంది. బ్లూబెర్రీ, అజేలియాల కుటుంబం అది. వీటి వెంట్రుక వేళ్ళలో ఒక రకం శిలీంధ్రం కాపురం ఉండి, కుళ్ళుతున్న ఆకుల నుంచే నత్రజని తీసి మొక్కకు అందిస్తుంది. ఘాటు ఎరువు పడితే ఆ సన్నటి వేళ్ళే ముందు మాడతాయి.

మే

నాటే పని.

కుండీల్లోంచి మొక్క తీసిన వెంటనే గుంటలో పెట్టలేదు, ప్రతి వేరుముద్దనూ విదిలించి చూశాను. ముక్కుపురుగు కోసం. దాని పిల్లపురుగు మీగడ రంగులో, గోధుమ రంగు తలతో, కాళ్ళు లేకుండా, సున్నా చుట్టినట్టు ముడుచుకుని ఉంటుంది. ఒక బ్యాచ్‌లో దొరికింది. పైకి చూస్తే మొక్క నిగనిగలాడుతూనే ఉంది, ఆకు అంచుల్లో మాత్రం పంచింగ్ మెషీన్‌తో కొరికినట్టు గుండ్రటి గాట్లు. అవి పెద్ద పురుగు రాత్రిపూట తిన్న గుర్తులు. ఈ ముక్కుపురుగులు ఎగరలేవు, దాదాపు అన్నీ ఆడవే, మగ తోడు లేకుండానే వందల గుడ్లు పెడతాయి. అంటే ఒక్కటి వచ్చినా చాలు, తోట నిండుతుంది. ఆ బ్యాచ్ మొక్కల వేళ్ళు బకెట్ నీళ్ళలో కడిగి, పాత కుండీ మట్టి చెత్తలో పారేసి, మొక్కలను విడిగా కుండీల్లో ఉంచాను. శరత్తు దాకా చూసి, శుభ్రంగా ఉన్నాయనుకుంటేనే నేలలోకి.

మిగతావాటిని బకెట్‌లో ముంచి, బుడగలు ఆగేదాకా ఉంచాను. ఇది వదిలేయకూడని పని. నర్సరీ మొక్కలు చాలావరకు పెరిగేది పీట్‌లో. పీట్ ఒకసారి ఎండితే నీటిని లోపలికి రానివ్వదు. నాటాక ఎంత పోసినా నీరు చుట్టూ జారిపోతుంది, వేరుముద్ద నడిమధ్య పొడిగానే ఉండి మొక్క చస్తుంది. పైన తడి కనిపిస్తుంది కాబట్టి ఎందుకు చచ్చిందో కూడా అర్థం కాదు.

వింటర్‌గ్రీన్‌కి 30 సెంటీమీటర్ల దూరం, వరస తప్పించి. చదరపు మీటరుకు 11 దాకా పడతాయి. పార్ట్రిడ్జ్‌బెర్రీకి 20 సెంటీమీటర్లు. దీన్ని గుంటలో పాతడం కంటే పైన పరచడం ముఖ్యం. తీగకు ప్రతి కణుపు దగ్గరా వేరు దిగుతుంది, ఆ కణుపు నేలకు ఆనితేనే. తీగలను చుట్టూ సాగదీసి, వంచిన తీగముక్కలతో అక్కడక్కడ నొక్కిపెట్టాను. అడవిలో ఇది పడిపోయిన దుంగల మీద, చిన్న మిట్టల మీద పాకుతుంది, రాలిన ఆకులు కుప్పపడే పల్లాల్లో కాదు. అందుకని దానికి చెట్టు చుట్టూ కాస్త ఎత్తుగా ఉన్న చోటు ఇచ్చాను.

పార్ట్రిడ్జ్‌బెర్రీ కొనేటప్పుడు ఒక జాగ్రత్త తీసుకున్నాను. సగం ఒక చోట, సగం ఇంకో చోట తెచ్చాను. ఎందుకో పూత వచ్చినప్పుడు రాస్తాను.

జూన్

ఎండ బొమ్మ మళ్ళీ గీశాను. అనుకున్నదే. ఇంటివైపు భాగానికి 2 గంటలు కూడా లేదు. బయటి అంచున, పొద్దున పూట, 4 గంటల దాకా ఉంది. చెట్టు మొదలు దగ్గర ఎండ మచ్చలు మచ్చలుగా పడి జరిగిపోతోంది.

నీళ్ళు పెట్టడం గురించి. కొళాయి నీళ్ళు గట్టివి, కెటిల్ అడుగున తెల్లగా పేరుకునే రకం. వాటిలోని బైకార్బొనేట్ మోతాదు మోతాదుగా పీహెచ్‌ని పైకి నెడుతుంది. వింటర్‌గ్రీన్ లాంటి మొక్కకు అప్పుడు ఇనుము అందదు: ఈనెలు పచ్చగానే ఉండి మధ్య భాగం పసుపు తిరుగుతుంది. చూరు నీళ్ళు పట్టే డ్రమ్ము పెట్టాను. వాన నీళ్ళు ఉన్నంతవరకు అవే. డ్రమ్ము ఖాళీ అయితే కొళాయి నీళ్ళే పోస్తాను, ఎండబెట్టడం కంటే అది నయం.

చెట్టు కింద వాన పడింది కదా అని నమ్మకూడదు. ఓ మోస్తరు జల్లును మేపుల్ ఆకులే తాగేస్తాయి. వేలు లోపలికి దింపి చూసి, పొడిగా ఉంటే పోయడమే.

నవంబర్

ఆకు రాలే కాలం ఈ ప్రాజెక్టుకి పరీక్ష. మేపుల్ ఆకు వెడల్పుగా ఉంటుంది, తడిసి ఒకదాని మీద ఒకటి అతుక్కుంటే కింద పార్ట్రిడ్జ్‌బెర్రీకి గాలీ వెలుతురూ ఉండవు, కుళ్ళిపోతుంది. ఇనప రేక్ వేస్తే తీగలతో సహా లేచొస్తుంది. ఆకు రాలే ముందే సన్నటి వల పరిచి, నిండినప్పుడల్లా రెండువైపులా పట్టుకుని ఎత్తేశాను. వింటర్‌గ్రీన్ మీద పడ్డవాటిని పెద్దగా పట్టించుకోలేదు. ఆకులు వాటి మధ్యకి జారి అక్కడే ఎరువవుతాయి.

విడిగా పెట్టిన కుండీలకు ముక్కుపురుగు పిల్లలను చంపే సూక్ష్మ నులిపురుగులను, స్టైనర్నెమా క్రౌసై రకం, నీళ్ళలో కలిపి అక్టోబర్‌లోనే పోశాను. మట్టి 5 డిగ్రీల కంటే వెచ్చగా ఉన్నప్పుడే అవి పని చేస్తాయి. తరవాత విదిలించి చూస్తే పిల్లపురుగులు లేవు, నేలలోకి మార్చాను. నేల గడ్డకట్టకముందు అన్నింటికీ ఒకసారి గట్టిగా నీళ్ళు పెట్టాను. ఆకు రాలని మొక్క చలికాలంలో కూడా ఆకు నుంచి నీరు పోగొట్టుకుంటూనే ఉంటుంది, గడ్డకట్టిన నేలలోంచి తెచ్చుకోలేదు. శీతాకాలంలో ఆకులు గోధుమరంగుకి మాడితే చాలాసార్లు కారణం చలి కాదు, దాహం.

మార్చి, రెండో ఏడాది

మంచు పడటం, కరగడం, మళ్ళీ గడ్డకట్టడం. ఈ లాగుళ్ళకి చిన్న మొక్కలు కొన్ని నేలలోంచి పైకి తన్నుకొచ్చాయి. అరచేత్తో నొక్కి కూర్చోబెట్టాను. వింటర్‌గ్రీన్ ఆకులు ఎండ తగిలే అంచున రాగి రంగు తిరిగాయి, నీడవైపు పచ్చగానే ఉన్నాయి. జబ్బు కాదు, చలికి వచ్చే రంగు. వసంతంలో పోతుంది.

పోయిన శరత్తులో వచ్చిన పళ్ళు ఇంకా మొక్కల మీదే ఉన్నాయి. గట్టిగా చెప్పాలంటే వింటర్‌గ్రీన్‌ది బెర్రీ కాదు. లోపల ఉన్నది చిన్న పొడి కాయ. పువ్వు కింది రక్షక పత్రాలే ఉబ్బి, ఎర్రబడి, దాని చుట్టూ కప్పుకుంటాయి. పండును గోరుతో చీల్చి చూస్తే బయట తెల్లటి దూదిలాంటి కండ, నడుమ వేరే గూడులా ఆ కాయ, అందులో ఇసుక రవ్వల్లాంటి గింజలు. పండు అడుగున నక్షత్రంలా కనిపించే గుర్తు ఆ పత్రాల కొసలదే.

మే, రెండో ఏడాది

లేత చిగుళ్ళను స్లగ్‌లు (గుల్ల లేని నత్తలు) కొరికాయి. రాత్రి టార్చి వేసుకుని ఏరడం, తడి పలక పెట్టి పొద్దున్నే దాని కింద పోగైనవాటిని తీసేయడం. మరీ ఎక్కువైనప్పుడు ఐరన్ ఫాస్ఫేట్ గుళికలు పలచగా చల్లాను. అంతకంటే రాయాల్సిందేమీ లేదు.

జూన్, రెండో ఏడాది

పార్ట్రిడ్జ్‌బెర్రీ పూసింది. ఇప్పుడు ఆ రెండు చోట్ల కొనుగోలు సంగతి.

ఈ మొక్కలో రెండు రకాల పూలుంటాయి, ఒక మొక్కకు ఒక రకమే. ఒక రకంలో కీలం (పుప్పొడిని అందుకునే ఆడ భాగం) పొడుగ్గా బయటికి వస్తుంది, కేసరాలు (పుప్పొడి ఉండే మగ భాగాలు) గొట్టంలోపల దాక్కుంటాయి. రెండో రకంలో కేసరాలు బయట, కీలం లోపల. ఒక రకం పుప్పొడి ఇంకో రకం మీద పడితేనే కాయ బాగా కడుతుంది. డార్విన్‌కి వృక్షశాస్త్రజ్ఞుడు ఏసా గ్రే అమెరికా నుంచి ఈ మొక్కలు పంపితే, పూశాక చూస్తే సుమారు సగం ఒక రకం, సగం ఇంకో రకం అయ్యాయట. అడవిలో అలా కలిసి ఉంటాయి. నర్సరీలో మాత్రం ఒకే తల్లి తీగ ముక్కలు చేసి పెంచితే వంద మొక్కలున్నా అన్నీ ఒకే రకం. ఎంత బాగా పాకినా పండు మాత్రం రాదు.

భూతద్దం పట్టుకుని నేల మీద బోర్లా పడుకుని చూశాను. పూలు జంటగా పూస్తాయి, నాలుగు రేకులు, తెలుపు, లోపలంతా వెంట్రుకలు, మంచి వాసన. మొదటి చోటు నుంచి తెచ్చిన వాటిలో ప్రతి పువ్వులోంచీ సన్నటి తెల్ల పోగు కొసన చీలి బయటికి పొడుచుకొచ్చి ఉంది: పొడుగు కీలం రకం, ఒక్కటీ తేడా లేదు. రెండో చోటు వాటిలో పోగు కనబడలేదు, గొట్టం మూతి దగ్గర కేసరాలు మాత్రమే ఉన్నాయి. బతికిపోయాను. ఒక్క చోటే కొని ఉంటే ఈ పాటికి ఆకులు చూసుకుంటూ కూర్చునేవాణ్ణి. వెంటనే రెండో రకం తీగలు కొన్ని తెచ్చి మొదటి రకం గుంపుల మధ్యలో నొక్కిపెట్టాను. బంబుల్‌బీలకు దూరం ఒక సమస్య కాదు గానీ, పక్కనే ఉంటే మంచిదే.

జంట పూల అడుగున అండాశయాలు రెండూ కలిసిపోయి ఉంటాయి. రెండు పూలకు కలిపి ఒకటే పండు. పండు మీద కనిపించే రెండు గుంటలు ఆ పూలు ఊడిన గుర్తులు.

వింటర్‌గ్రీన్‌కి ఈ జంట గొడవ లేదు, తన పుప్పొడితోనూ కాయ కడుతుంది. దానికి అడ్డు వెలుతురే. బయటి అంచున మొక్కకు మొక్కకూ మొగ్గలున్నాయి. ఇంటివైపు ఆకులు పెద్దవిగా, నల్లపచ్చగా, చూడటానికి ఇంకా ఆరోగ్యంగా ఉన్నాయి. మొగ్గలు మాత్రం వెతికితే గానీ దొరకలేదు.

జులై, రెండో ఏడాది

అందుకే కొమ్మలు తీయించాను. పైన గుబురు తగ్గించడం కాదు, కింది కొమ్మలు మాత్రమే, మాను దాకా కాకుండా, కొమ్మ మొదట్లో ఉబ్బుగా ఉండే మెడ దగ్గర కోయించి. నేల నుంచి మొదటి కొమ్మ దాకా ఎత్తు పెరిగితే పొద్దుటి, సాయంత్రపు ఏటవాలు ఎండ లోపలికి దూరుతుంది. మధ్యాహ్నపు ఎండ మాత్రం చెట్టే ఆపుతుంది. ఈ మొక్కలకు కావాల్సింది సరిగ్గా అదే. మేపుల్‌ని చలికాలం చివర కోస్తే గాయంలోంచి రసం ధారగా కారుతుంది. నిండు ఆకుతో ఉన్నప్పుడు కోస్తే ఆ గోల ఉండదు.

ఒకవైపే చేయించాను, తూర్పు వైపు. పడమర వైపు అలాగే వదిలేశాను, తేడా చూద్దామని.

అక్టోబర్, రెండో ఏడాది

వింటర్‌గ్రీన్ ఈ ఏడాది మొగ్గలు కొమ్మలు తీయకముందే వేసింది కాబట్టి పోలిక ఇప్పుడే చెప్పలేను. అంచున పళ్ళు బాగా ఉన్నాయి. పార్ట్రిడ్జ్‌బెర్రీకి అక్కడక్కడ ఎర్ర పూసలు, రెండు రకాలు ఆనుకుని ఉన్నచోటే ఎక్కువ. ఒంటరి గుంపులో దాదాపు లేవు.

సార్కోకోకా ఏ గొడవా లేకుండా పెరుగుతోంది. దాని గురించి రాయడానికి ఏమీ లేకపోవడమే దాని సర్టిఫికెట్.

'ఇంకా నేల కనిపిస్తూనే ఉందే' అని ఇంట్లో వ్యాఖ్యానం. నిజమే, సగం జాగాలో బెరడే కనిపిస్తోంది. వింటర్‌గ్రీన్ వేరుకాండం నేల పైపొరలోనే, రాలిన ఆకుల కింద మెల్లగా జరుగుతుంది. 30 సెంటీమీటర్ల దూరంలో నాటితే కలుసుకోవడానికి రెండు మూడేళ్ళు పడుతుంది. ఈలోపు కలుపును చేత్తోనే తీయాలి, బొరిగ పెడితే ఆ వేరుకాండాలే తెగుతాయి.

జూన్ నుంచి అక్టోబర్, మూడో ఏడాది

ఇప్పుడు పోల్చి చెప్పగలను. తూర్పు వైపు, కింది కొమ్మలు తీసిన చోట, లోపలి మొక్కలకు కూడా మొగ్గలు వచ్చాయి. పోయినేడు వెతికితే గానీ కనబడని చోట ఇప్పుడు నిలబడి చూసినా కనిపిస్తున్నాయి. పడమర వైపు అదే మట్టి, అవే నీళ్ళు, ఆకు బ్రహ్మాండంగా ఉంది, పళ్ళు మాత్రం చెదురుమదురుగా. ఈ జులైలో పడమర కొమ్మలు కూడా తీయించాను.

లోపలి మూలలో, రోజుకు 2 గంటలు కూడా ఎండ రాని చోట, వింటర్‌గ్రీన్‌ని పళ్ళ కోసం అడగడం మానేశాను. అక్కడ ఆకు చాలు. నేల మూసుకుపోయింది, కలుపు తగ్గింది.

పార్ట్రిడ్జ్‌బెర్రీ కాపు బాగా పెరిగింది. ఆగస్టులో దాని తీగలను రెండేసి కణుపుల ముక్కలుగా కోసి, తడి బెరడు, ఇసుక కలిపిన ట్రేలో గుచ్చి, పైన ప్లాస్టిక్ మూత పెట్టాను. తేలిగ్గా వేరు పోసుకున్నాయి. రెండు రకాలకీ వేర్వేరు ట్రేలు, లేబుల్ మీద 'పొడుగు', 'పొట్టి' అని పెన్సిల్‌తో. పూత లేనప్పుడు ఏది ఏదో చెప్పడం అసాధ్యం, లేబుల్ పోతే మళ్ళీ జూన్ దాకా ఆగాలి. విత్తనాలతో కూడా వస్తుంది గానీ చలి తగలాలి, మొలవాలి, పాకాలి, అప్పటికి నాకు ఓపిక పోతుంది.

గోడ పట్టీకీ వింటర్‌గ్రీన్‌కీ మధ్య ఒక అడుగు ఖాళీ మిగిలింది. అక్కడ పీహెచ్ 6.6. వింటర్‌గ్రీన్ ఆ గీత దాకా వచ్చి ఆకు పసుపు తిప్పుతోంది, సార్కోకోకా పిలకలు ఇంకా అంత దూరం రాలేదు. వచ్చే వసంతంలో సార్కోకోకా అంచు పిలకలను వేళ్ళతో సహా విడదీసి అక్కడ నాటాలి. ట్రేల్లోని పార్ట్రిడ్జ్‌బెర్రీ ముక్కలు పడమర వైపుకి, రెండు రకాలూ ఒకదాని పక్కన ఒకటి.